250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి సౌండ్ కార్డు కొనాలా, యాంప్ కొనాలా?

ప్రశ్న: బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌లది కొన్నాను. కంప్యూటర్ అసెంబుల్ చేయించింది, మదర్‌బోర్డులో రియల్‌టెక్ ఏఎల్‌సీ 897 ఆడియో ఉంది. క్యాబినెట్ ముందున్న జాక్‌లో పెడితే వాల్యూమ్ 100లో ఉంచినా కచేరీ రికార్డింగులు చాలీచాలనట్టు వినిపిస్తున్నాయి. సౌండ్ పలచగా ఉంది. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా గీర్‌మంటోంది. ఇదే జాక్‌లో మా స్నేహితుడి ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ ఇంతకంటే గట్టిగా మోగింది. షాపులో అడిగితే పీసీఐ సౌండ్ కార్డు వేయించమంటున్నారు, ఇంకొకరు యాంప్ కొనమంటున్నారు. ఇంట్లో నాన్నగారి పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంది, దాని ముందు భాగంలో హెడ్‌ఫోన్ సాకెట్ కూడా ఉంది. దాన్ని వాడితే హెడ్‌ఫోన్ కాలిపోతుందా? నేను ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు.

సమాధానం: ఏదీ కొనకముందు ఆ పాత యాంప్లిఫయర్ దుమ్ము దులపండి. మీ హెడ్‌ఫోన్‌కి కావలసింది దాదాపుగా దాంట్లోనే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు కాస్త లెక్క చూడాలి. కూడికలు, భాగహారాలు తప్ప అందులో ఇంకేమీ లేదు.

చాలామంది 250 ఓమ్‌లు అనగానే ‘హెవీ హెడ్‌ఫోన్, బోలెడు పవర్ కావాలి’ అనుకుంటారు. నిజానికి ఓమ్‌లు ఎక్కువైతే అది కరెంటు తక్కువ లాగుతుంది, వోల్టేజీ ఎక్కువ అడుగుతుంది. డీటీ 990 ప్రోకి కంపెనీ ఇచ్చే సెన్సిటివిటీ, అంటే ఎంత పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె, 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. 250 ఓమ్‌లకి 1 వోల్టు ఇస్తే 4 మిల్లీవాట్లు వెళ్తాయి. పవర్ రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి 4 మిల్లీవాట్లకి 102 డెసిబెల్స్. అంటే మీ హెడ్‌ఫోన్ 1 వోల్టుకి 102 డెసిబెల్స్ ఇస్తుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎం50ఎక్స్‌ది 38 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కి 99 డెసిబెల్స్. అదే లెక్క వేస్తే 1 వోల్టుకి 113 వస్తుంది. ఒకే వోల్టేజీ దగ్గర మీ దానికీ దానికీ 11 డెసిబెల్స్ తేడా. చెవికి ఇది ఇంచుమించు రెట్టింపు గట్టిదనం. మీ స్నేహితుడిది గట్టిగా మోగిందంటే కారణం ఇదే. మీ హెడ్‌ఫోన్‌లో లోపమేమీ లేదు.

సంగీతంలో వచ్చే శిఖరాలు, అంటే తనియావర్తనంలో మృదంగం దెబ్బల్లాంటివి, నలగకుండా, అంటే రూపం చెడిపోకుండా, 110 డెసిబెల్స్ వరకూ వెళ్లగలిగితే ఏ హెడ్‌ఫోన్‌కైనా సరిపోతుంది. 102 నుంచి 110కి 8 డెసిబెల్స్, అంటే వోల్టేజీ రెండున్నర రెట్లు. 2.5 వోల్టులు, 25 మిల్లీవాట్లు, 10 మిల్లీ ఆంపియర్లు. అది కనీసం. రికార్డింగే తక్కువ లెవెల్లో ఉన్నప్పుడు, ఈక్వలైజర్ వాడినప్పుడు ఇంకో 6 డెసిబెల్స్ చేతిలో ఉండాలి. అప్పుడు 5 వోల్టులు. 250 ఓమ్‌ల దగ్గర అది 100 మిల్లీవాట్లు.

నిజంగా పవర్ తినే హెడ్‌ఫోన్ ఎలా ఉంటుందో చూడాలంటే హైఫైమాన్ హెచ్‌ఈ6 సంగతి చూడండి. 50 ఓమ్‌లే, కానీ 1 మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. 110కి చేరాలంటే 450 మిల్లీవాట్ల దాకా కావాలి, 95 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. ఓమ్‌లు మీ దాంట్లో అయిదో వంతు, ఆకలి పద్దెనిమిది రెట్లు. అందుకే ఓమ్‌లొక్కటే చూసి హెడ్‌ఫోన్ ‘బరువు’ తేల్చకూడదు.

ఇక కంప్యూటర్ వైపు రెండు సంగతులు తెలియాలి: జాక్ గరిష్ఠంగా ఎన్ని వోల్టులు ఇస్తుంది, దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే జాక్ లోపలి అడ్డు, ఎన్ని ఓమ్‌లు. చిప్ పేరుని బట్టి ఇవి తేలవు. ఒకే ఏఎల్‌సీ 897ని ఒక బోర్డులో ఒకలా, ఇంకో బోర్డులో ఇంకోలా వాడతారు. జాక్‌కి ముందు సిరీస్‌లో రెసిస్టర్లు పెట్టారా, పెడితే ఎంత అన్నది బోర్డు చేసినవాళ్ల ఇష్టం. అయితే ఇది మీరే కొలుచుకోవచ్చు.

కావలసినవి: 33 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ ఒకటి, రెండు వైర్లు వేలాడే 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఒకటి, మల్టీమీటర్. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో మొదటి రెండూ దొరుకుతాయి. పాడైన ఇయర్‌ఫోన్ పిన్ను కోసుకున్నా సరిపోతుంది. మల్టీమీటర్ విషయంలో జాగ్రత్త. చవక పసుపు మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, దాంట్లో 0.4 వోల్టు సరిగా కనబడదు. ఏసీ 2 వోల్టుల రేంజి ఉన్నదో, ఆటో రేంజిదో కావాలి.

ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో 100 హెర్ట్జ్ సైన్ టోన్, యాంప్లిట్యూడ్ 1 పెట్టి తయారుచేసుకోండి. ఫ్రీక్వెన్సీ పెంచొద్దు, మామూలు మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి. హెడ్‌ఫోన్ తీసేసి, విండోస్ వాల్యూమ్ 100 చేసి, టోన్ నడుస్తుండగా పిన్ను కొసకీ మొదలు భాగానికీ మధ్య ఏసీ వోల్టేజీ చూడండి. అదే ఆ జాక్ ఇవ్వగలిగే గరిష్ఠం. తర్వాత వాల్యూమ్ ముట్టుకోకుండా అదే రెండు చోట్ల మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి మళ్లీ చూడండి. రెసిస్టర్ కలపగానే మీటర్ అంకె టక్కున పడిపోతే లోపల ఇంపిడెన్స్ ఎక్కువున్నట్టు. మొదటి రీడింగులోంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని రెండోదానితో భాగించి, 33తో గుణిస్తే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ వస్తుంది.

మచ్చుకి, మొదట 1.20 వచ్చి, రెసిస్టర్ కలిపాక 0.37కి పడిపోయిందనుకోండి. ఇంపిడెన్స్ 74 ఓమ్‌లు. ఇలాంటి జాక్‌కి మీ 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే దానికి అందేది 0.93 వోల్టు, 101 డెసిబెల్స్. ఎం50ఎక్స్ తగిలిస్తే 0.41 వోల్టే అందుతుంది గానీ అది 105 డెసిబెల్స్ మోగుతుంది.

101 అంటే తక్కువేం కాదు కదా అనిపించవచ్చు. ఇప్పటి సినిమా పాటల్లో శిఖరానికీ సగటుకీ తేడా 8, 10 డెసిబెల్సే, కాబట్టి అవి 90 దగ్గర గట్టిగానే మోగుతాయి. కచేరీ రికార్డింగులో తేడా 18, 20 దాకా ఉంటుంది. పైగా పాత కచేరీ టేపుల నుంచి ఎక్కించిన ఫైళ్లలో శిఖరమే పూర్తి స్థాయికి 10 డెసిబెల్స్ కింద ఆగిపోతుంది. 101లోంచి ఆ 10, ఈ 20 తీసేస్తే మిగిలేది 71. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, పైగా వెనక తెరుచుకుని ఉండే డీటీ 990లో, ఆలాపన చాలీచాలనట్టు ఉంటుందంటే ఉండదా మరి!

సౌండ్ పలచగా ఉందన్న మీ ఫిర్యాదుకి మూలం కూడా ఇక్కడే ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ని ఎక్కువగా పోగొట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. తంబురా మంద్రం, మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం ముందు మాయమవుతాయి, వలంతల (కుడి వైపు) టకటకలు, తాళాల చప్పుళ్లు మిగులుతాయి. చాలినంత వోల్టేజీ ఇవ్వగానే ఇందులో చాలా భాగం దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు గీర్‌మనే మోత. క్యాబినెట్ ముందు జాక్ నుంచి మదర్‌బోర్డు కింది అంచున ఉన్న తొమ్మిది పిన్నుల ఆడియో కనెక్టర్ దాకా ఒక సన్నటి కేబుల్ వెళ్తుంది. చవక క్యాబినెట్లలో దానికి షీల్డ్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు కిందుగా, యూఎస్‌బీ వైర్లతో కలిసి కట్టేసి ఉంటుంది. మౌస్ కదిపితే, స్క్రీన్ స్క్రోల్ చేస్తే వచ్చే మోత ఆ దారిలోనే దూరుతుంది. వెనక ఉన్న లేత ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూడండి. అక్కడ మోత లేకపోతే సౌండ్ చిప్‌లో ఏ లోపమూ లేనట్టే. వెనక జాక్ నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ తెచ్చుకున్నా ఆ బాధ తీరుతుంది. అక్కడా మోత ఉంటేనే ఆడియోని పెట్టె బయటికి, యూఎస్‌బీ మీదికి తేవాలి.

సెట్టింగుల్లో చూడాల్సింది కొంచెమే. విండోస్ సౌండ్ ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఫార్మాట్ 24 బిట్, 48000 హెర్ట్జ్ చాలు. బయటి యాంప్ వాడేటప్పుడు విండోస్‌లోనూ ప్లేయర్‌లోనూ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, తగ్గించడం యాంప్ నాబ్‌తోనే చెయ్యండి. పెట్టె మీద 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ అని రాసి ఉందని మాత్రం ఏదీ కొనకండి. మీ సమస్యకీ ఆ అంకెలకీ సంబంధం లేదు.

నాన్నగారి యాంప్లిఫయర్‌కి వద్దాం. ఆ కాలపు స్టీరియో యాంప్లిఫయర్లలో హెడ్‌ఫోన్‌కి వేరే సర్క్యూట్ పెట్టేవారు కాదు. స్పీకర్ అవుట్‌పుట్ నుంచే ఒక్కో ఛానల్‌కి కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఆ సాకెట్‌కి ఇచ్చేవారు. ఛానల్‌కి 40 వాట్లు, 8 ఓమ్‌లు అని రాసి ఉందనుకుంటే అది దాదాపు 18 వోల్టులు ఇస్తుంది. మధ్యలో 330 ఓమ్‌లు ఉంటే మీ 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 7.7 వోల్టుల దాకా అందుతుంది. మనకి కావలసిన 5 కంటే ఎక్కువే. ఆ రెసిస్టర్ ఉంది కాబట్టే మామూలు వాల్యూమ్‌లో హెడ్‌ఫోన్ కాలదు. యాంప్లిఫయర్ సొంత బుస్ కూడా అందులో కొంత అణిగిపోతుంది.

దీంతో ఒక పక్క ప్రభావం ఉంది. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు, మీ దానిలాంటి డైనమిక్ హెడ్‌ఫోన్లకి బేస్ దగ్గర పెరుగుతుంది. అక్కడ 350కి పెరిగిందనుకుంటే, 330 ఓమ్‌ల రెసిస్టర్ వెనక బేస్ ఒకటిన్నర డెసిబెల్స్ లేస్తుంది. ట్రెబుల్ ఎక్కువగా ఉండే డీటీ 990కి అది మేలే. 1996లో వచ్చిన ఐఈసీ 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 120 ఓమ్‌లు ఉండాలంది. ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లు ఇలాంటి వాటి మీద చక్కగానే నడుస్తాయి. కానీ అదే సాకెట్‌లో తక్కువ ఓమ్‌ల ఇన్‌ఇయర్ పెట్టకండి. వాటిలో బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకాల్లో ఇంపిడెన్స్ 10 నుంచి 60 ఓమ్‌ల మధ్య ఊగేవి ఉంటాయి. అలాంటివాటికి 10 ఓమ్‌ల అవుట్‌పుటే 5 డెసిబెల్స్ దాకా తేడా తెస్తుంది. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్న నియమం ముఖ్యంగా వాటి కోసమే. మీ దానికి ఆ లెక్కన 31 ఓమ్‌లు, దాటినా కొంపేమీ మునగదు.

కలపడం ఇలా. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ జాక్ నుంచి 3.5 మిల్లీమీటర్లు – రెండు ఆర్‌సీఏ కేబుల్ తీసుకుని యాంప్లిఫయర్‌లో ఆక్స్ లేదా టేప్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ఫోనో అని రాసి ఉన్నదానికి ఇవ్వొద్దు, అది గ్రామఫోన్ పికప్ కోసం. లైన్ సిగ్నల్ ఇస్తే నలిగిపోయి బేస్ మొత్తం ముద్దగా వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టకముందే సాకెట్‌లో డీసీ వోల్టేజీ ఉందేమో చూడండి. పాట ఆపి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, మీటర్ డీసీలో పెడితే ఒక్కో ఛానల్‌లో 50 మిల్లీవోల్టుల లోపు రావాలి. వోల్టులకు వోల్టులు వస్తే లోపల ట్రాన్సిస్టరో కెపాసిటరో పోయినట్టు. మెకానిక్ చూసేదాకా ఆ సాకెట్ జోలికి వెళ్లకండి.

నాబ్ తిప్పుతుంటే కరకరమంటే నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరింది. యాంప్లిఫయర్ ప్లగ్ తీసి, నాబ్ వెనక ఉన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవై ముప్ఫైసార్లు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, అరగంట ఆరనివ్వండి. చాలా తక్కువ వాల్యూమ్‌లో ఒక చెవి గట్టిగా, ఒకటి మెల్లగా వినిపిస్తే అది పొటెన్షియోమీటర్ రెండు ట్రాకుల తేడా. నాబ్ కాస్త పైకి వచ్చేలా కంప్యూటర్ వాల్యూమ్ తగ్గించుకుంటే పోతుంది. అప్పుడు మాత్రం విండోస్ 100 నియమం పక్కన పెట్టొచ్చు.

కంప్యూటర్‌నీ యాంప్లిఫయర్‌నీ కలపగానే గుయ్యిమని మోత మొదలైతే అది ఎర్తు గొడవ. కంప్యూటర్ ఒక గోడ సాకెట్‌లో, యాంప్లిఫయర్ ఇంకో గోడకి ఉంటే ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్ రెండు ఎర్తుల మధ్య దారి అవుతుంది. రెండిటినీ ఒకే స్పైక్ బస్టర్‌కి పెట్టండి. పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది గానీ వెనక ఎర్తు వైరు ఉండదు. క్యాబినెట్ లోహం తాకితే చేతికి జివ్వుమంటుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తు సరిచేయించండి. మోత పోవాలని ప్లగ్ ఎర్తు పిన్ను పీకేయడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని, ఎవరు సలహా ఇచ్చినా వినకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే బుర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, దానికి ఆడియో వైపు చేయగలిగింది పెద్దగా లేదు.

యాంప్లిఫయర్‌ని ఒక్కసారి కూడా స్పీకర్ టెర్మినళ్ల నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కి కలపొద్దు. హెడ్‌ఫోన్ పిన్నులో రెండు ఛానళ్ల మైనస్ ఒకటే. బ్రిడ్జి రకం యాంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, రెండు ఛానళ్ల మైనస్‌లూ కలిపితే అవుట్‌పుట్ ఐసీ పోతుంది.

పాతది పనికిరాదని తేలితేనే కొనడం. పీసీఐ కార్డు తప్పు అనలేం. హెడ్‌ఫోన్ యాంప్ ఉన్న కార్డులున్నాయి. కానీ రేపు ల్యాప్‌టాప్‌కి మారితే అది మీతో రాదు, పైగా మళ్లీ అదే పెట్టె లోపల ఉంటుంది. డాక్ (డిజిటల్ ఫైలుని ఆడియో సిగ్నల్‌గా మార్చేది), యాంప్ కలిసి ఉన్న యూఎస్‌బీ పెట్టె మీకు మంచిది. యూఎస్‌బీ పవర్ మీదే నడిచేదైతే ఇంకో ఎర్తు దారి ఉండదు కాబట్టి పైన చెప్పిన గుయ్యిమనే మోతకి అవకాశమే లేదు. క్యాబినెట్ వెనక యూఎస్‌బీ పోర్టుకే పెట్టండి, హబ్ వద్దు.

షాపులో చూడాల్సింది ఒకటే అంకె, కానీ అది సాధారణంగా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. ‘100 మిల్లీవాట్లు, 32 ఓమ్‌లు’ అని రాసి ఉంటే వోల్టేజీ 1.8 మాత్రమే. మీ 250 ఓమ్‌లకి అది 13 మిల్లీవాట్లయి, 107 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. 300 ఓమ్‌ల దగ్గర ఎంత అని అడగండి. 300 ఓమ్‌లకి 40 మిల్లీవాట్లు అంటే 3.5 వోల్టులు, సరిపోతుంది. 80 ఆ పైన ఉంటే 5 వోల్టులు, మళ్లీ ఆలోచించక్కర్లేదు. ఆ అంకె ఎక్కడా ఇవ్వని యాంప్‌ని వదిలేయండి. ఫోన్లకి వాడే చిన్న డాంగిళ్లలో 2 వోల్టులు ఇచ్చేవి 108 దాకా తీసుకెళ్తాయి, ఫర్వాలేదు. యాపిల్ డాంగిల్ 1 వోల్టే ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది అందులో సగం. అది శుభ్రమైన పరికరమే గానీ మీ కచేరీలకి చాలదు. ఇంకో చిన్న ఇబ్బంది: డీటీ 990 ప్రో స్ప్రింగులా చుట్టుకున్న మూడు మీటర్ల కేబుల్ బరువుకి బల్ల అంచున వేలాడే డాంగిల్ పిన్ను వదులైపోతుంది. డాంగిల్ వాడితే కేబుల్‌ని బల్లకి ఒక క్లిప్పుతో బిగించండి.

యాంప్ మీద గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్న) స్విచ్ ఉంటే ముందు ‘లో’ దగ్గర పెట్టి వినండి, నాబ్ మూడొంతులు తిప్పినా చాలకపోతేనే ‘హై’. హెడ్‌ఫోన్ పెట్టేముందు నాబ్ సున్నాకి తెచ్చే అలవాటు చేసుకోండి. 5 వోల్టులంటే మీ చెవిలో 116 డెసిబెల్స్. వారానికి 40 గంటలు వినేవాళ్లు సగటు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తక్కువ లెవెల్ కచేరీ విని, నాబ్ దించకుండా కొత్త సినిమా పాట పెట్టడమే అసలు ప్రమాదం.

పాత సినిమా పాటల గురించి ఒక మాట. డీటీ 990కి 8000 హెర్ట్జ్ పరిసరాల్లో ఒక శిఖరం ఉంది. ఘంటసాల కాలపు రికార్డింగుల్లోని టేపు బుస్, ‘స’కార ‘శ’కారాలు సరిగ్గా అక్కడే పైకి లేస్తాయి. ఏ యాంప్ మార్చినా ఇది పోదు. ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని 8000 హెర్ట్జ్ దగ్గర పీకింగ్ ఫిల్టర్, మైనస్ 5 డెసిబెల్స్, క్యూ (ఫిల్టర్ వెడల్పు) 2తో మొదలుపెట్టి, అటూ ఇటూ 500 హెర్ట్జ్ జరుపుతూ మీ చెవికి సర్దుకోండి. కేవలం తగ్గిస్తున్నారు కాబట్టి అందులోని ప్రీయాంప్ (మొత్తం లెవెల్) తగ్గించక్కర్లేదు. బేస్ 4 డెసిబెల్స్ పెంచితే మాత్రం ప్రీయాంప్ మైనస్ 4 చెయ్యాలి, లేకపోతే శిఖరాలు నలుగుతాయి. పైన 6 డెసిబెల్స్ చేతిలో ఉంచుకోమన్నది ఇందుకే.

ముందు జాక్, వెనక జాక్ రెండిట్లోనూ రెసిస్టర్ లేకుండా, రెసిస్టర్‌తో వచ్చిన రీడింగులు, పాత యాంప్లిఫయర్ వెనక రాసి ఉన్న వాట్లు, ఓమ్‌లు రాసి పంపండి. లెక్క వేసి, కొనాల్సిన అవసరం ఉందో లేదో చెబుతాం.